చెప్పుకోవడం ఆమె హక్కు, అడగడం వాళ్ళ బాధ్యత

ఆమె ప్రతి మాటకీ తల ఊపింది. "కాపురం చేసుకుంటావా అమ్మా?" అని ఎస్సై గారు అడిగితే తల ఊపింది. "ఇక మీదట కొట్టనంటున్నాడు, సరేనా?" అంటే తల ఊపింది. "అయితే కేసేమీ వద్దు కదా?" అంటే దానికీ తల ఊపింది. రైటరు తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఆమె చేత సంతకం చేయించుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఇదంతా అయిపోయింది. స్టేషను బయట వేపచెట్టు కింద నిలబడి ఆమె నన్ను అడిగిన మొదటి మాట: "కేసు రాసుకున్నారా అక్కా?"

ఆమెకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవి అంతంత మాత్రం. చిన్నప్పుడు చెవిలో చీము కారుతుంటే నూనె చుక్కలతో సరిపెట్టారు. పెళ్ళయ్యాక భర్త చెంపదెబ్బలు మిగిలిన పని పూర్తి చేశాయి. ఎదుటి మనిషి తన ముఖం వైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడితే పెదవుల కదలికను బట్టి చాలావరకు గ్రహించగలదు. ఆ రోజు స్టేషనులో ఫ్యాను గోల, వైర్‌లెస్ సెట్టు గోల. ఎస్సై గారు కాగితాల్లోకి తల వంచుకునే మాట్లాడారు. వినపడటం లేదని చెప్పొచ్చు కదా అని నేనంటే, "చెవిటిదాన్నని తెలిస్తే ఇంక నా మాట ఎవరు వింటారక్కా?" అంది.

నేను లోపలికి వెళ్ళి ఎస్సై గారిని అడిగాను. అడిగినవీ, ఆమె తల ఊపినవీ ఆయనే వరసగా చెప్పారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. నిజంగానే ఆశ్చర్యపోయి, "నాకేం తెలుసు మేడం, చూస్తే బాగానే ఉంది కదా" అన్నారు.

చెబితే నా మాటకు విలువ ఉండదని ఆమె భయం. చెప్పకపోతే నాకెలా తెలుస్తుందని ఆయన ప్రశ్న. చాలాకాలంగా నన్ను వదలని ఈ రెండు మాటల గురించే ఈ వ్యాసం. పైకి కనిపించని వైకల్యం ఉన్న స్త్రీ తన సంగతి తానే ముందుగా పోలీసులకు తెలియజేసే ఏర్పాటు ఉండాలా? ఉంటే ఏ షరతుల మీద ఉండాలి? మన సంఘాల్లో ఈ చర్చ ఇంకా సరిగా మొదలుకాలేదు. మొదలవ్వాలని నా కోరిక.

వైకల్యం అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి చక్రాల కుర్చీ, చేతికర్ర, నల్ల కళ్ళద్దాలు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. 2016 లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. వీటిలో ఆటిజం, మానసిక అనారోగ్యం, మేధో వైకల్యం, చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు, వినికిడి లోపం, మల్టిపుల్ స్క్లిరోసిస్, సికిల్ సెల్ వ్యాధి, హీమోఫిలియా ఉన్నాయి. వీటిలో ఎన్ని మనిషిని చూడగానే తెలుస్తాయి? మూర్ఛ వ్యాధికైతే ఆ జాబితాలో విడిగా పేరు కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది, వారిలో స్త్రీలు 1.18 కోట్లు. ఆనాడు వేసిన లెక్క ఎనిమిది రకాలకే. అదీ ఎన్యూమరేటరుకు ఇంట్లోవాళ్ళు చెబితేనే. పెళ్ళి కావలసిన కూతురికి ఫిట్స్ వస్తాయని ఏ తండ్రి చెబుతాడు? కోడలు మానసిక వ్యాధికి మందులు వాడుతోందని ఏ అత్త రాయించుకుంటుంది?

ఆడపిల్ల విషయంలో ఈ దాపరికం ఇంట్లోనే మొదలవుతుంది. తరచూ మూర్ఛ రావడాన్ని పెళ్ళికి అడ్డంకిగా చూసే మాట హిందూ వివాహ చట్టంలో 1999 వరకూ ఉండేది. ఆ ఏడాది సవరణతో దాన్ని తీసేశారు. చట్టంలోంచి పోయింది గాని పెళ్ళిచూపుల్లోంచి పోలేదు. అందుకే మన దగ్గరికి వచ్చే స్త్రీలలో చాలామంది తమ వైకల్యాన్ని దాచడంలో ఆరితేరి ఉంటారు. వినపడకపోయినా నవ్వుతారు, అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఇంట్లో వాళ్ళను కాపాడిన ఆ అలవాటే స్టేషనులో కొంప ముంచుతుంది.

ఎలా ముంచుతుందో నేను చూసినవి మరో రెండు చెబుతాను. రాత్రిపూట బస్టాండులో ఫిట్స్ వచ్చి, తేరుకున్నాక కూడా మాట ముద్దగా వస్తున్న ఒకామెను తాగి ఉందనుకుని తీసుకెళ్ళి తెల్లవారేదాకా స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. ఆమె వేసుకోవాల్సిన రాత్రి మాత్ర సంచిలోనే ఉండిపోయింది. తెల్లవారుజామున మళ్ళీ ఫిట్స్ వచ్చింది. ఇంకో చోట, వయసు పంతొమ్మిదైనా ఎదుగుదల పదేళ్ళ పిల్లదిగా ఉన్న ఒక అమ్మాయిని, జరిగిందేమిటో మూడుసార్లు అడిగారు. మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పింది. రెండోసారి అదే ప్రశ్న వేసేసరికి తాను చెప్పింది తప్పేమోనని మార్చింది. మూడోసారి అడిగినవాళ్ళ ముఖం చూసి వాళ్ళకేది నచ్చుతుందో అది చెప్పింది. బడిలో టీచరు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే జవాబు తప్పని అర్థం కదా! ఆ పిల్లకు తెలిసిన న్యాయం అదే. పోలీసులు మాత్రం "మాటలు మారుస్తోంది" అని రాసుకున్నారు.

ఇలాంటి ఇబ్బందులకు కొన్ని దేశాల్లో ఒక ఉపాయం ఆలోచించారు. తన వైకల్యాన్ని తెలియజేయాలనుకున్న మనిషి ఇష్టపూర్వకంగా ఒక గుర్తు పెట్టుకోవడం. లండన్‌కు దగ్గరలోని గాట్విక్ విమానాశ్రయంలో 2016 లో పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మలున్న ఆకుపచ్చ మెడపట్టీని ప్రవేశపెట్టారు. అది వేసుకున్న మనిషికి పైకి కనిపించని ఇబ్బంది ఏదో ఉందనీ, కాస్త సమయమూ ఓపికా కావాలనీ సిబ్బందికి అర్థమవుతుంది. జబ్బు పేరు చెప్పనక్కరలేదు. ఈ పద్ధతి అక్కణ్ణుంచి చాలా దేశాలకు పాకింది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఆటిజం ఉన్న డ్రైవర్ల కోసం 2020 నుంచి నీలం రంగు కవరు ఇస్తున్నారు. లైసెన్సు, బండి కాగితాలు అందులో పెట్టుకుంటారు. పోలీసు బండి ఆపినప్పుడు ఆ కవరు అందిస్తే చాలు, ఎలా మాట్లాడాలో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. టెక్సాస్ రాష్ట్రం 2019 లో చేసిన చట్టం ప్రకారం, మాట్లాడటంలో ఇబ్బంది ఉన్నవారు కోరితే ఆ సంగతి వాహనం రిజిస్ట్రేషను వివరాల్లో చేరుతుంది. బండి దగ్గరికి రాకముందే పోలీసుకు తెలుస్తుంది.

చదివినప్పుడు నాకూ ఇవి ముచ్చటగానే అనిపించాయి. మన దగ్గరా ఇలాంటిది పెట్టిద్దామని ఒక సమావేశంలో నేనే ప్రతిపాదించబోయాను. అప్పుడు వేపచెట్టు కింద ఆమె అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను. "తెలిస్తే ఇంక నా మాట ఎవరు వింటారక్కా?"

ఆమె భయం ఉత్తదేమీ కాదు. వారం తరవాత మేము ఆమెతో మళ్ళీ స్టేషనుకు వెళ్ళాం. ఈసారి ఆమే నోరు తెరిచి "నాకు సరిగా వినపడదు సార్, నా ముఖం చూసి మాట్లాడండి" అంది. ఎస్సై గారు కుర్చీ ఇటు తిప్పుకుని, ఫ్యాను ఆపించి, మొత్తం విని కేసు రాసుకున్నారు. చెప్పడం వల్ల మేలే జరిగింది. కానీ ఏడాదిన్నర తరవాత కోర్టులో ఎదుటి పక్షం లాయరు అడిగిన మొదటి ప్రశ్న: "మీకు చెవులు వినపడవు కదా, మీ ఆయన మిమ్మల్ని తిట్టాడని మీకెలా తెలుసు?" ఒక చోట ఆమెకు దారి చూపిన మాటే ఇంకో చోట గోతిలోకి తోసింది.

స్త్రీల ఉద్యమానికి ఇది కొత్త అనుభవం కాదు. 1978 లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులు చేసిన అత్యాచారానికి రాష్ట్రమంతా భగ్గుమంది. విచారణలో జరిగిందేమిటి? పోలీసులు చేసింది పక్కకు పోయి, ఆమె శీలం ఎలాంటిది, ఆమె పెళ్ళి చెల్లుతుందా అన్నవి ప్రశ్నలయ్యాయి. ఆనాడు శీలం అడ్డం పెట్టారు. ఈనాడు వైకల్యం ఉన్న స్త్రీ ముందు మతిని అడ్డం పెడుతున్నారు. భార్య వేధింపుల కేసు పెట్టగానే "ఆమెకు మతిస్థిమితం లేదు, మందులు వాడుతుంది, ఇవిగో చీటీలు" అంటూ భర్త తరఫువాళ్ళు ఆస్పత్రి కాగితాలు తెచ్చి బల్ల మీద పడేయడం మనలో ఎంతమంది చూడలేదు? మానసిక వ్యాధి ఒక స్థాయిలో ఉంటే విడాకులకు కారణమవుతుందని హిందూ వివాహ చట్టం 13వ సెక్షను చెబుతుంది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే తగాదాలోనూ అవే కాగితాలు బయటికొస్తాయి. ఒక మనిషికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషికి మతిస్థిమితం లేదని అనుకోకూడదని, అది తేల్చవలసింది తగిన కోర్టేనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షను స్పష్టంగా చెప్పింది. ఆ సెక్షను గురించి విన్న హెడ్ కానిస్టేబుల్ నాకింతవరకు తారసపడలేదు.

తెలియడం ఒక్కటే మనిషిని కాపాడదు అనడానికి ఇంకా ఘోరమైన ఉదాహరణ న్యూయార్కులో ఉంది. డెబొరా డానర్ అనే 66 ఏళ్ళ నల్లజాతి స్త్రీకి స్కిజోఫ్రీనియా ఉండేది. ఆ జబ్బుతో బతకడం ఎలా ఉంటుందో 2012 లో ఆమె ఒక వ్యాసం రాసింది. మానసిక వ్యాధి ఉన్నవాళ్ళు వైద్యులకు బదులు పోలీసుల చేతికి చిక్కి ప్రాణాలు పోగొట్టుకోవడం గురించి, పోలీసులకు తగిన శిక్షణ అవసరం గురించి అందులో రాసింది. 2016 అక్టోబరు 18 న బ్రాంక్స్ ప్రాంతంలోని ఆమె ఇంటికి పోలీసులు వచ్చారు. ఆమె మానసిక పరిస్థితి గురించే ఫోను వెళ్ళింది. అంతకుముందు కూడా పోలీసులు ఆ ఇంటికి వచ్చి ఉన్నారు. అంటే వాళ్ళకు ఆమె సంగతి తెలియకపోవడమనే ప్రశ్నే లేదు. ఆమె చేతిలోకి బేస్‌బాల్ బ్యాటు తీసుకుందని ఒక సార్జెంటు తుపాకి పేల్చాడు. ఆమె చనిపోయింది. ప్రత్యేక దళం వచ్చేదాకా ఆగవలసిందని, పద్ధతి పాటించలేదని నగర పోలీసు కమిషనరే ఒప్పుకున్నాడు. 2018 లో కోర్టు ఆ సార్జెంటును నిర్దోషిగా విడిచిపెట్టింది.

మెడలో పట్టీ, చేతిలో కార్డు ఉన్నా ఆమె బతికేదని నేననుకోను. లోటు సమాచారంలో లేదు, సమాచారం అందుకున్న మనిషిలో ఉంది. అమెరికాలోనే మెంఫిస్ నగరం 1988 లో వేరే దారి పట్టింది. అంతకుముందు ఏడాది మానసిక వ్యాధి ఉన్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపడంతో జనం నిలదీశారు. అప్పుడు పోలీసులు, వైద్యులు, రోగుల కుటుంబాలు కలిసి 40 గంటల శిక్షణ తయారుచేశారు. ఆ శిక్షణ పొందినవాళ్ళనే ఇలాంటి ఫోన్లకు పంపాలన్నది ఏర్పాటు. అక్కడ ముందు మారవలసింది పోలీసులేనని నిర్ణయించారు. ఆ వరస నాకు నచ్చింది.

ఇంతవరకు చదివి, అయితే గుర్తింపు అసలు వద్దంటావా అని మీరు అడగవచ్చు. అలా అనే అధికారం నాకు లేదు. ఆటిజం ఉన్న కూతురున్న ఒక తల్లి నాతో గట్టిగా పోట్లాడింది. ఆ పిల్లకు మాటలు రావు. చూస్తే అందరు పిల్లల్లాగే ఉంటుంది. రెండుసార్లు తప్పిపోయింది. ఆ తల్లి కూతురి లంగాలన్నిటికీ లోపలి అంచున ఫోన్ నంబరు దారంతో కుట్టి ఉంచుతుంది. "మీరు గౌరవం, గోప్యం అంటారు. నేను పోయాక దాని సంగతి ఎవరు చెబుతారు?" అని అడిగింది. ఆమెకు నా దగ్గర జవాబు లేదు. అలాగే తమ సైగల భాష గురించి బాహాటంగా, గర్వంగా చెప్పుకునే బధిర యువతులూ ఉన్నారు. వాళ్ళకు దాచవలసిన అవసరమే కనిపించదు. కాబట్టి కావాలన్నవారికి గుర్తు ఉండాలి. వద్దన్నవారికి వద్దనే హక్కు కూడా అంతే గట్టిగా ఉండాలి. గుర్తు లేదన్న కారణంతో ఎవరికీ హక్కు తగ్గకూడదు. నా వాదన అంతా ఈ మూడో మాట మీదే.

ఎందుకంటే మన దగ్గర ఏ కార్డు వచ్చినా చివరికి అది చూపిస్తేనే పని జరిగే స్థితికి వస్తుంది. సదరం క్యాంపుల ముందు పడిగాపులు పడ్డవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. పింఛనుకు, బస్సు పాసుకు శాతం కావాలి, సర్టిఫికెట్టు కావాలి, సరే. పోలీసు స్టేషనులో రక్షణకు శాతంతో పనిలేదు. 2016 చట్టంలో రిజర్వేషన్ల వంటి కొన్నిటికి మాత్రమే 40 శాతం నిబంధన ఉంది. హింస నుంచి రక్షణ చెప్పే 7వ సెక్షనుకు గాని, న్యాయం అందుబాటులో ఉండాలని చెప్పే 12వ సెక్షనుకు గాని ఆ నిబంధన లేదు. కనుక "సర్టిఫికెట్టు ఉందా?" అని అడిగే పోలీసుకు మనం అక్కడికక్కడే ఈ మాట చెప్పాలి.

అసలు చట్టంలో ఇప్పటికే ఏముందో చూద్దాం. 2013 లో నేర చట్టాలకు చేసిన సవరణల్లో వచ్చిన రక్షణలు, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ కొనసాగుతున్నాయి. లైంగిక నేరానికి గురైన స్త్రీకి శారీరక లేదా మానసిక వైకల్యం ఉంటే, అది తాత్కాలికమైనా సరే, పోలీసు అధికారే ఆమె ఇంటికి గాని ఆమె కోరిన చోటుకు గాని వెళ్ళి ఫిర్యాదు రాసుకోవాలి. దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటరు పక్కన ఉండాలి. వీడియో తీయాలి. ఇది 173వ సెక్షను. మేజిస్ట్రేటు ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలాన్నే కోర్టులో మొదటి విచారణ సాక్ష్యంగా తీసుకోవాలని 183వ సెక్షను చెబుతుంది. ఆమె అదే కథ మళ్ళీ మొదటినుంచి చెప్పనక్కరలేదు. నేరం ఏదైనా, సాక్షిగా విచారించడానికి స్త్రీలను, వైకల్యం ఉన్నవారిని స్టేషనుకు పిలిపించకూడదని 179వ సెక్షను చెబుతుంది.

మంచి చట్టమే. కాని రెండు చిల్లులున్నాయి. ఒకటి, 173వ సెక్షనులో దుబాసీ హక్కు లైంగిక నేరాలకు, యాసిడ్ దాడి ప్రయత్నం వంటి కొన్నిటికే పరిమితం. భర్త, అత్తమామల క్రూరత్వం ఆ జాబితాలో లేదు. అంటే స్టేషన్లకు మనం ఎక్కువగా తీసుకెళ్ళే కేసులకే ఆ హక్కు లేదు. నా కథలోని స్త్రీకి అది వర్తించేది కాదు. అలాంటప్పుడు మనం 2016 చట్టం 12వ సెక్షనును పట్టుకోవాలి. దర్యాప్తు అధికారాలున్న సంస్థలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. మాట చెప్పుకోవడానికి ఆమె ఎంచుకున్న భాషనూ పద్ధతినీ అనుమతించాలన్నది దాని సారం. క్రూరత్వం కేసులను కూడా 173వ సెక్షనులో చేర్చాలని మనం అడగాలి.

రెండో చిల్లు ఇంకా పెద్దది. ఈ రక్షణలన్నీ ఆమెకు వైకల్యం ఉందని పోలీసుకు తెలిస్తేనే కదులుతాయి. తెలుసుకోవలసిన బాధ్యత ఎవరిదో మాత్రం ఈ సెక్షన్లు చెప్పవు. అందువల్ల ఆ భారం చప్పుడు చేయకుండా ఆమె నెత్తిన పడింది. దెబ్బలు తిని, రాత్రంతా నిద్రలేక, చంకలో బిడ్డతో వచ్చిన స్త్రీ తన శరీరం గురించి, మెదడు గురించి ముక్కూముఖం తెలియని మగవాళ్ళ ముందు తానే మొదలుపెట్టి చెప్పుకోవాలి. దీన్ని ఇష్టపూర్వక గుర్తింపు అనగలమా?

ఈ భారం తిరిగి పోలీసు మీదికి వెళ్ళాలి. అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. స్టేషనుకు వచ్చిన ప్రతి మనిషినీ, ఆడా మగా అనకుండా, పైకి ఎలా కనిపించినా సరే, పేరు అడిగిన వెంటనే ఒక ప్రశ్న అడగాలి: "వినడానికి, మాట్లాడటానికి, అర్థం చేసుకోవడానికి, ఇక్కడ కూర్చోవడానికి మీకేమైనా సాయం కావాలా? మందులేమైనా వేసుకోవాలా?" అందర్నీ అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు. జబ్బు పేరు అడగకూడదు, కావలసిన సాయం ఏమిటో మాత్రమే అడగాలి. జవాబు చెప్పకపోయినా తప్పు పట్టకూడదు, తరవాత ఎప్పుడు చెప్పినా వినాలి. ఆ జవాబు రాసుకున్న కాగితం సాయం అందించడానికే వాడాలి. ఎదుటి పక్షం చేతికి ఆయుధంగా వెళ్ళకూడదు.

ఆ ప్రశ్న అడగడం, వచ్చిన జవాబుకు తగ్గట్టు నడుచుకోవడం నేర్పితేనే దాన్ని శిక్షణ అనాలి. పోలీసు అధికారుల శిక్షణ కోర్సులన్నిటిలో వికలాంగుల హక్కులు తప్పనిసరిగా ఉండాలని 2016 చట్టం 47వ సెక్షను చెబుతోంది. ఉపన్యాసం, ఫోటో, టీ బిస్కెట్లతో ముగిసే గంట కార్యక్రమంతో ఈ పని జరగదు. ముఖం చూసి, వెలుతురులో కూర్చుని మాట్లాడటం నేర్పాలి. "అర్థమైందా?" అని అడక్కుండా "నేనేం చెప్పానో మీ మాటల్లో చెప్పండి" అనడం నేర్పాలి. ఆ ఒక్క వాక్యం ఆ రోజు మా స్టేషనులో ఎవరైనా అని ఉంటే ఆ రాజీ కాగితం పుట్టేదే కాదు. ఒకే ప్రశ్న పదేపదే వేసి జవాబు మారిందనకూడదని నేర్పాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం కాదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసి, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని నేర్పాలి. కళ్ళలోకి చూడకపోవడం, చెవులు మూసుకోవడం, తాకితే కేకలు వేయడం నేరాన్ని దాచడానికి గుర్తులు కావని నేర్పాలి. మానసిక వ్యాధితో తిరుగుతున్న మనిషిని లాకప్పులో పెట్టకూడదని, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు తీసుకెళ్ళాలని చెప్పే 2017 చట్టం 100వ సెక్షనును ఎస్సై నుంచి హోంగార్డు దాకా చదివించాలి. ఈ పాఠాలు చెప్పేది పోలీసు అధికారులే కాకూడదు. వైకల్యం ఉన్న స్త్రీలే గురువులుగా, తగిన పారితోషికంతో ఆ గదిలో ఉండాలి.

ఈ కోరికల వెనక సుప్రీంకోర్టు మాట కూడా ఉంది. కర్నూలు జిల్లాలో 2011 లో అత్యాచారానికి గురైన అంధురాలైన ఒక దళిత యువతి కేసులో 2021 ఏప్రిల్ 27 న ఆ కోర్టు తీర్పు చెప్పింది. ఆమె గొంతు విని నిందితుణ్ణి గుర్తుపట్టింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువదైపోదని కోర్టు స్పష్టం చేసింది. పోలీసులకు, న్యాయమూర్తులకు శిక్షణ ఇవ్వాలని, దుబాసీలు, స్పెషల్ ఎడ్యుకేటర్ల జాబితాలు సిద్ధం చేయాలని, స్త్రీలపై హింస లెక్కల్లో వైకల్యాన్ని విడిగా చూపే విషయం నేర రికార్డుల బ్యూరో ఆలోచించాలని సూచించింది. కేసు మన నేల మీదిది. కాబట్టి మీ జిల్లా ఎస్పీ ఆఫీసుకు వెళ్ళి దుబాసీల జాబితా ఉందా అని అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సఖి కేంద్రాల్లో, తెలంగాణలోని భరోసా కేంద్రాల్లో సైగల భాష వచ్చినవాళ్ళు ఎవరున్నారో తెలుసుకోండి. వైకల్యం ఉన్న వ్యక్తి మీద హింస జరుగుతోందని నమ్మకం కలిగితే, ఎవరైనా, రిజిస్టరైన ఏ సంస్థ అయినా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చని 2016 చట్టం 7వ సెక్షను చెబుతుంది. ఆ సెక్షనును మనం వాడాలి.

చివరగా మన సంగతి. ఈ వ్యాసం మొదలుపెట్టాక, మా కౌన్సెలింగు కేంద్రంలో కొత్తగా వచ్చిన స్త్రీల వివరాలు రాసే ఫారం తీసి చూశాను. పేరు, వయసు, కులం, చదువు, పెళ్ళయిన తేదీ, పిల్లలు, భర్త పని, దెబ్బల వివరం, అన్నీ ఉన్నాయి. మీకు ఏ సాయం కావాలి, ఎలా మాట్లాడితే మీకు వీలుగా ఉంటుంది అన్న గడి లేదు. ఆమె మా కేంద్రానికి రెండుసార్లు వచ్చి వెళ్ళాకే స్టేషనుకు వెళ్ళింది. ఆ రెండుసార్లూ మా ముందు కూడా తల ఊపే ఉంటుంది. మేమూ గమనించలేదు. "చూస్తే బాగానే ఉంది కదా" అని ఎస్సై గారు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది గాని, మేమూ అలాగే అనుకున్నామని అప్పుడు తట్టలేదు.

ఆ గడి ఇప్పుడు మా ఫారంలో చేర్చాం. మీ ఫారం కూడా ఒకసారి తీసి చూడండి. పోలీసులకు మనం నేర్పబోయే ప్రశ్న ముందు మన నోటికి అలవాటు కావాలి.